ఎరిక్ హార్ట్‌మన్ 352 విమానాలు: లెక్క నిజమేనా? నిజమైతే మెచ్చుకోవచ్చా?

గగనవిహారి
అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ 352 విమానాలు కూల్చాడు. ఇంతకు మించిన స్కోరు చరిత్రలో ఎవరికీ లేదు. అతని దళం జేజీ 52లోనే బార్ఖార్న్‌కి 301, గుంతర్ రాల్‌కి 275. అటుపక్క సోవియట్ టాప్ పైలట్ కొజెదూబ్‌కి అరవై పైచిలుకు, అమెరికా పైలట్ రిచర్డ్ బాంగ్‌కి 40. హార్ట్‌మన్ ఇరవై ఏళ్ల వయసులో, 1942 అక్టోబర్‌లో, కాకసస్ ఫ్రంట్‌కి వెళ్లాడు. చివరి విమానాన్ని 1945 మే 8న బ్రనో నగరం మీద కూల్చాడు, అంటే జర్మనీ లొంగిపోయిన రోజే. నా దృష్టిలో అతనే చరిత్రలోకెల్లా గొప్ప ఫైటర్ పైలట్. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బుజ్జి_గుంటూరు
352నా? టైపింగ్ తప్పు కాదు కదా?

లెక్కల_మాస్టారు
తప్పు టైపింగ్‌లో కాదండీ, క్రియాపదంలో ఉంది. "కూల్చాడు" కాదు, "కూల్చానని చెప్పాడు" అనాలి. గాల్లో పోరు అర నిమిషంలో అయిపోతుంది, పొగ కనిపిస్తే పడిపోయిందనుకుంటారు, ఒకే విమానాన్ని ఇద్దరు కొట్టి ఇద్దరూ రాసుకుంటారు. 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటిష్ వాళ్లు ప్రకటించారు. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డులు తీసి చూస్తే ఆ రోజు పోయినవి అరవై దగ్గర్లోనే. బ్రిటిష్ వాళ్లు అబద్ధాలకోరులని కాదు, గాల్లో కంటికి అలాగే కనబడుతుంది. హార్ట్‌మన్ లెక్కను సోవియట్ రికార్డులతో పోల్చిన రష్యన్ చరిత్రకారులు కొందరు అందులో చాలా భాగం ఒప్పుకోరు. కాబట్టి ముందు అంకె తేల్చండి, గొప్పతనం సంగతి తర్వాత.

గగనవిహారి
మాస్టారూ, జర్మన్ పద్ధతిలో సాక్షి లేకుండా క్లెయిమ్ ఒప్పుకునేవాళ్లు కాదు. ఇద్దరు కలిసి కొట్టినా సగం సగం పంచే లెక్క లేదు, ఒక విమానం ఒక పైలట్‌కే. ఇక అంత స్కోరు ఎలా వచ్చిందంటారా, అమెరికన్, బ్రిటిష్ పైలట్లు కొన్ని వందల గంటలు ఎగిరాక టూర్ పూర్తయిందని వెనక్కి వెళ్లేవాళ్లు, చాలామంది కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చేవాళ్లు. జర్మన్ పైలట్‌కి టూర్ అనేదే లేదు. చచ్చేదాకా, లేదా యుద్ధం అయ్యేదాకా ఎగరడమే. హార్ట్‌మన్ 1400 పైగా సార్లు ఎగిరాడు, అందులో 825 సార్లు శత్రువుతో తలపడ్డాడు. ఎదుటి విమానం అద్దం నిండా కనిపించేంత దగ్గరికి వెళ్లి అప్పుడు పేల్చేవాడు. సగం కోసేయండి, 176 వస్తుంది. అదైనా కొజెదూబ్‌కి రెండింతలకు పైనే.

సాపర్_మనవడు
ఇందాకటి నుంచి చూస్తున్నా. ఎన్ని కూల్చాడు, ఎంత దగ్గర్నుంచి పేల్చాడు, ఇదే గోల. అతను ఎవరి కోసం ఎగిరాడో ఒక్కరూ అడగరేం? 1941 జూన్ 22న జర్మన్లు సోవియట్ దేశం మీద పడ్డారు. చేతికి చిక్కిన సోవియట్ సైనికుల్లో ముప్పై లక్షల మందికి పైగా తిండి లేక, చలికి, తూటాలకి చచ్చిపోయారు. కింద అది జరుగుతుంటే పైన ఆకాశానికి కాపలా కాసింది ఎవరు? ఈ పైలట్లే.

గగనవిహారి
అన్నా, హార్ట్‌మన్ ఫ్రంట్‌కి వచ్చిందే 1942 చివర్లో. ఖైదీలని చంపింది అతను కాదు. అలా అయితే ఏ దేశపు సైనికుడినీ మెచ్చుకోలేం. ఫ్రాంజ్ స్టిగ్లర్ సంగతి తెలుసా? 1943 డిసెంబర్ 20న బ్రెమెన్ మీద బాంబులు వేసి తిరిగెళ్తున్న అమెరికన్ బీ-17 ఒకటి అతనికి చిక్కింది. తోక దగ్గర గన్నర్ చచ్చిపోయి ఉన్నాడు, విమానానికి పడిన రంధ్రాల్లోంచి లోపలున్న గాయపడ్డ మనుషులు కనబడుతున్నారు. స్టిగ్లర్ పేల్చలేదు. పక్కనే ఎగురుతూ సముద్రం దాకా సాగనంపి సెల్యూట్ చేసి వెనక్కి తిరిగాడు. ఆ పైలట్ చార్లీ బ్రౌన్, ఇతనూ 1990లో కలుసుకున్నారు. ఇలాంటి వాళ్లనీ హిట్లర్‌నీ ఒకే గాటన కట్టేస్తారా? హార్ట్‌మన్ సోవియట్ జైళ్లలో పదేళ్లు మగ్గి 1955లో బయటపడ్డాడు. కొడుకు పుట్టిందీ పోయిందీ అతను లోపల ఉండగానే. ఒక్కసారి కూడా చూసుకోలేదు.

కాఫీ_కప్పు
ఆ కొడుకు సంగతి తెలియదు. పాపం.

బోబ్లింగెన్_తెలుగు
నేను పదకొండేళ్లుగా జర్మనీలోని బోబ్లింగెన్‌లోనే ఉంటున్నాను. హార్ట్‌మన్ చివరిదాకా ఉన్న ఊరు మాకు దగ్గరే. స్టిగ్లర్ కథ నిజమే, మంచి పనే చేశాడు. కానీ అది ఒక విమానం, ఒక రోజు. హార్ట్‌మన్ నడిపిన ఫైటర్ విమానం మెస్సర్‌ష్మిట్ 109 ఎక్కడ తయారైందో చూశారా? నేను చూశాను. చెక్ సరిహద్దు దగ్గర ఫ్లోసెన్‌బుర్గ్ అని చిన్న ఊరు. అక్కడి నిర్బంధ శిబిరంలో ముందు ఖైదీలతో గ్రానైట్ కొట్టించేవాళ్లు. 1943 నుంచి అదే చోట షెడ్లు వేసి మెస్సర్‌ష్మిట్ 109 భాగాలు చేయించారు. ఆ ఆగస్టు 17న అమెరికన్లు రెగెన్స్‌బుర్గ్ ఫ్యాక్టరీని కొట్టాక ఆ పని ఇంకా పెరిగింది. ఆ శిబిరం మొత్తం మీద లక్ష మంది దాకా ఖైదీలు, పోయినవాళ్లు దాదాపు ముప్పై వేలు. లోయలోకి మెట్లు దిగితే గడ్డి పరిచిన ఒక దిబ్బ కనబడుతుంది. నేను మామూలు మట్టిదిబ్బే అనుకుని ఫోన్ తీశాను. పక్కన రాసింది చదివితే అది మనుషుల బూడిద అని తెలిసింది. ఫోన్ జేబులో పెట్టేశాను.

ఇంకో మాట. స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో పక్షాన పోరాడిన జర్మన్ కాండోర్ దళంలో పేరు తెచ్చుకున్న పైలట్ వెర్నర్ మోల్డర్స్ పేరు జర్మన్ ఫైటర్ దళం 74కి ఉండేది. 2005లో జర్మన్ రక్షణ శాఖే తీసేసింది. వాళ్లు తీసేసిన బోర్డు మనం ఎందుకు తగిలించుకోవాలి?

లెక్కల_మాస్టారు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ సగం కోస్తే 176 అన్నారు, ఆ సగం ఏ ఆధారంతో కోశారు? దానికి జవాబు రాలేదు.

గగనవిహారి
మాస్టారూ, మీరు ఆ అంకె వదలరా? బోబ్లింగెన్ గారూ, పైలట్ ఫ్యాక్టరీకి వెళ్లి చూస్తాడా? ఎక్కమన్న విమానం ఎక్కుతాడు. ఆఫ్రికాలో 151 విజయాలు రాసుకున్న జర్మన్ పైలట్ మార్సెయ్, దక్షిణాఫ్రికాకి చెందిన ఒక నల్లజాతి యుద్ధఖైదీతో స్నేహం చేశాడు. నాజీ అయితే చేస్తాడా? అయినా సాపర్ గారూ, మీ పేరుని బట్టి అడుగుతున్నా, మీ తాత తెల్లవాడి సైన్యంలోనే కదా పనిచేసింది? 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చస్తుంటే ఆయన ఎవరి జీతం తీసుకున్నారు? ఆయనకి ఒక న్యాయం, హార్ట్‌మన్‌కి ఇంకొకటా?

సాపర్_మనవడు
సరే, తాత దాకా వచ్చారు కాబట్టి చెబుతా. ఆ ఖైదీ మార్సెయ్‌కి వంటపనీ ఇంటిపనీ చేసేవాడు. చెరలో ఉన్నవాడు వద్దనగలడా? అది స్నేహం అని మార్సెయ్ వైపు నుంచే కదా మీరు చెప్పేది.

మా తాత మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీరింగ్ దళంలో, జవాను. కరువుకి ఇంట్లో గింజల్లేక చేరాడు, చక్రవర్తి మీద ప్రేమతో కాదు. ఉత్తర ఆఫ్రికాలో వాళ్ల పని మందుపాతరలు తీయడం. జర్మన్లు పాతిన టెల్లర్ మైన్లు, పళ్లెమంత ఉంటాయి. ఇసుక మీద బోర్లా పడుకుని బాయొనెట్ మొనతో ఏటవాలుగా గుచ్చుకుంటూ, ఇనుము తగిలితే ఆగి, చేత్తో ఇసుక తోసి తీయాలి. పైన స్టూకా బాంబర్లు, వాటికి కాపలాగా మీ మెస్సర్‌ష్మిట్‌లు. ఎనభై ఏళ్ల వయసులో కూడా ఆయన పొలం గట్టు మీద కొత్తగా పోసిన మట్టి కనబడితే చేతికర్రతో గుచ్చి చూసి గానీ అడుగు వేసేవాడు కాదు. మేం పిల్లలం వెనకే నిలబడేవాళ్లం, తాత "ఊఁ" అనేదాకా.

యుద్ధం అయ్యాక సర్వీసు చాలదని పెన్షన్ ఇవ్వలేదు. నాన్న కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ పదేళ్లు తిరిగాడు. రేకు పెట్టెలో రెండు పతకాలున్నాయి, రిబ్బన్లు ఎలుకలు కొట్టేశాయి. మీకు హార్ట్‌మన్ విమానం ముక్కు మీద నల్ల తులిప్ పువ్వుకి ఎన్ని రేకులో కూడా తెలిసే ఉంటుంది. మా ఊళ్లో తాత ఆ యుద్ధానికి వెళ్లాడని కూడా ఎవరికీ తెలియదు. నాకు మంట అక్కడ.

అడ్మిన్
ఇళ్లల్లోని పెద్దల జోలికి వెళ్లొద్దు. ఇంకోసారి జరిగితే థ్రెడ్ మూసేస్తాం.

గగనవిహారి
తాతగారి గురించి అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి. బెంగాల్ మాట ఆయన మీద వేయడం తప్పు.

కానీ నా సంగతీ చెప్పనివ్వండి. పదిహేడేళ్లకి పైలట్ మెడికల్‌లో కళ్లు సరిగా లేవన్నారు. అప్పటి నుంచి విమానాల చిన్న మోడళ్లు చేస్తున్నా. ఆ తులిప్ నేనే వేశాను, మూడు రాత్రులు పట్టింది, సన్న బ్రష్‌తో. అది వేస్తున్నప్పుడు నాకు హిట్లర్ గుర్తు రాలేదు, ఒక్కడే అంత ఎత్తున ఎగిరిన కుర్రాడు గుర్తొచ్చాడు. మీరు రాసినవన్నీ చదివాక కూడా అతను గొప్పగా ఎగిరాడన్న మాట వెనక్కి తీసుకోలేను. అబద్ధం చెప్పినట్టవుతుంది. ఫ్లోసెన్‌బుర్గ్ సంగతి మాత్రం నిజంగా తెలియదు.

సాపర్_మనవడు
ఎగరడం వచ్చు, ఒప్పుకుంటా. మెచ్చుకోవడానికి అది చాలదనే నేనంటాను. మీకు చాలుతుంది. ఇక్కడే మనం విడిపోతాం, 352 దగ్గర కాదు.

మోడళ్లు చేస్తారు కాబట్టి ఒకటి అడుగుతా. బోర్లా పడుకుని మైన్ తీస్తున్న సాపర్ బొమ్మ ఏ కిట్‌లోనైనా దొరుకుతుందా? నాలుగు షాపుల్లో అడిగాను, దొరకలేదు.

గగనవిహారి
బ్రిటిష్ పదాతి బొమ్మలు దొరుకుతాయి, కాళ్లూ చేతులూ మార్చి చేయాలి. తాతగారి ఫోటో ఏదైనా ఉంటే పంపండి, టోపీ ఏదో చూడాలి.

సాపర్_మనవడు
ఫోటో లేదు. టోపీ కాదు, తలకి గుడ్డ చుట్టుకునేవాళ్లమని చెప్పేవాడు.