పాత విమానాల డ్రాయింగులు సయనోటైప్ వేసేటప్పుడు: గీతలు కొత్తగా గీయాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా?

నీలిగీత

చారిత్రక విమానాలు, రాకెట్ల డ్రాయింగులను చేత్తో సయనోటైప్ (కాగితానికి ఇనుప లవణాలు పూసి, వెలుతురులో పెట్టి నీలి బొమ్మ తెచ్చే పద్ధతి, పాత బ్లూప్రింట్లదీ ఇదే) వేసేవాళ్లలో ఒక అలవాటు బాగా పెరిగింది. పాత డ్రాయింగ్ స్కాన్ తీసుకుంటారు, కంప్యూటర్‌లో దాని మీద మొత్తం కొత్తగా గీస్తారు. మరకలు, చెరిపిన జాడలు, మార్పుల పట్టిక, మూలన ఉన్న పొట్టి సంతకాలు అన్నీ పోతాయి. మిగిలిన శుభ్రమైన బొమ్మను నీలంలో వేసి గోడకు తగిలిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ దీన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను.

ట్రేసింగ్ గుడ్డ మీద గీసిన అసలు ప్రతి ఆఫీసులో భద్రంగా ఉండేది. షాప్ ఫ్లోర్‌కు వెళ్లింది నీలి కాపీ, అంటే బ్లూప్రింట్. పనివాళ్లు దాన్ని చూసే రిబ్బు (రెక్క లోపలి అడ్డపట్టీ) కోశారు, రంధ్రం వేశారు. ఒక కొలత కొట్టేసి పక్కన ఇంకొకటి రాసి తేదీ వేశారంటే, ఆ రోజు ఎక్కడో ఒక భాగం సరిపోలేదనో, బరువు తగ్గించాల్సి వచ్చిందనో అర్థం. డిజైన్ ఎలా మారిందో చెప్పేవి ఆ గుర్తులే. వాటిని తీసేస్తే మిగిలేది విమానం ఆకారం మాత్రమే. ఆకారం కావాలంటే ఫొటో చాలు.

కెనడాలో ఏవ్రో ఏరో యుద్ధవిమానం ప్రాజెక్టును 1959 ఫిబ్రవరిలో రద్దు చేశాక విమానాలనూ డ్రాయింగులనూ నాశనం చేయమన్నారు. అక్కడి డ్రాఫ్ట్స్‌మన్ (డ్రాయింగులు గీసే ఉద్యోగి) ఒకాయన కొన్నిటిని ఇంట్లో దాచారు. అవి 2020లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనకు వచ్చాయి. అలా బతికి బయటపడ్డ కాగితం మీద ఏ గీత అక్కర్లేదో తేల్చే హక్కు మనకెక్కడిది?

తడిచేతులు

నీలిగీత గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ప్రింట్ వేసే చేతులకు వచ్చే ఇబ్బంది వేరు.

ఒక మీటరు వెడల్పున్న డ్రాయింగ్‌ను మూడో వంతుకు తగ్గించారనుకోండి. 0.3 మి.మీ. గీత 0.1 అవుతుంది, 3 మి.మీ. అక్షరం 1 మి.మీ.కి దిగుతుంది. సయనోటైప్‌లో అంత సన్నటి గీత నిలబడటం చాలా కష్టం. అల్ట్రావయొలెట్ తగిలిన చోట ఫెర్రిక్ ఉప్పు ఫెర్రస్‌గా మారి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అవుతుంది. గీత అడ్డుపడిన చోట రసాయనం కడుగుడులో పోయి తెల్లగా మిగులుతుంది. డ్రాయింగ్ ముద్రించిన పారదర్శక ఫిల్మ్ కాగితానికి గట్టిగా అంటుకోకపోతే వెలుతురు గీత అంచుల కిందికి పాకుతుంది. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే తెల్ల గీత రెండు వైపుల నుంచీ నీలంలో మునిగిపోతుంది. పైగా వాటర్‌కలర్ కాగితం గరుకు ఒకటి, గీతను ముక్కలు ముక్కలు చేస్తుంది.

అందుకే గీత లావు చేస్తాం, అక్షరాలు మళ్లీ రాస్తాం. డిజైనర్‌ను అవమానించడానికి కాదు, ఆయన గీసింది కనీసం కనపడాలని. చదవడానికే వీల్లేని మార్పుల పట్టికను ఉంచి ఎవరికి ఉపయోగం?

పాతకాగితం

ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. చాలా వాటికి స్కాన్ చేయడానికి అసలు డ్రాయింగే లేదు.

రైట్ సోదరుల మొదటి విమానం, 1903 ఫ్లయర్ సంగతే చూడండి. వాళ్లు దానికి పూర్తి ఇంజినీరింగ్ డ్రాయింగులు తయారు చేయలేదు. గోధుమరంగు చుట్టే కాగితం మీద వేసిన ఒక స్కెచ్ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఇప్పుడు మనం చూసే చక్కటి మూడు వైపుల డ్రాయింగులు తర్వాతి కాలంలో విమానాన్ని కొలిచి గీసినవి. కొందరు 821,393 నంబరు పేటెంట్ బొమ్మను "మొదటి విమానం బ్లూప్రింట్" అంటూ వేస్తారు. 1903 మార్చిలో దరఖాస్తు చేసి 1906లో పొందిన ఆ పేటెంట్ గ్లైడర్‌ను అదుపు చేసే పద్ధతి గురించినది. బొమ్మలో ఇంజినే ఉండదు.

రెండోది, మైక్రోఫిల్మ్, అంటే డ్రాయింగులను బాగా చిన్నవిగా ఫొటో తీసి ఉంచిన ఫిల్మ్. 2017లో బ్రిటన్‌లోని బ్రౌటన్ ఎయిర్‌బస్ ఫ్యాక్టరీలో, కూల్చేయబోతున్న ఒక భవనంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్కీటో విమానం డ్రాయింగులు 20 వేలకు పైగా దొరికాయి. అన్నీ ఫిల్మ్ ముక్క అతికించిన కార్డులు. అలాంటి ఫిల్మ్ మీద గీరుడు పడితే, దుమ్ము అంటితే, అది డ్రాఫ్ట్స్‌మన్ చేతి గుర్తా? దాన్ని కూడా పవిత్రంగా కాపాడాలా?

గాలిమర

నేను ఈమధ్యే మొదలుపెట్టాను, మధ్యలో ఒక ప్రశ్న. తెల్ల కాగితం మీద నల్ల గీతలున్న స్కాన్‌ను తిరగేసి నెగటివ్ చేయాలా? అలాగే టీ డికాక్షన్‌లో ముంచి పాతబడ్డట్టు చేయడం మీద మీ అభిప్రాయం చెప్పండి.

తడిచేతులు

గాలిమర గారూ, తిరగేయనక్కర్లేదు. స్కాన్‌ను ఉన్నది ఉన్నట్టు ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శక ఫిల్మ్) మీద వేయండి. నల్ల గీత వెలుతురును ఆపి తెల్లగా వస్తుంది, పాత బ్లూప్రింట్లూ అలా వచ్చినవే. మీ స్కాన్ పాత నీలి ప్రతిదే అయితే మాత్రం తిరగేయాలి. ఫిల్మ్ మీద నలుపు దట్టంగా పడిందో లేదో చూసుకోండి, పలచనైతే గీతలు లేత నీలంగా మిగిలిపోతాయి.

నీలిగీత

టీ గురించి నేను చెప్తాను. టీలోని టానిన్ ఇనుముతో కలిసి నీలాన్ని నలుపు వైపు లాగుతుంది, తెల్ల గీతలను పసుపు చేస్తుంది. ఆకు ముద్రకో పూల ముద్రకో అందంగా ఉంటుంది. ఇంజిన్ డ్రాయింగ్‌కు వేస్తే, జరగని వయసును జరిగినట్టు చూపడమే. అసలు మరకలు తుడిచేసి దొంగ మరకలు అద్దడం నాకు అస్సలు నచ్చదు.

పాతకాగితం గారు చెప్పింది న్యాయమే. ఫిల్మ్ మీద గీరుడు ఫిల్మ్‌ది, డ్రాయింగ్‌ది కాదు. దాన్ని తీసేయండి. కానీ ఏది ఎవరి గుర్తో తేల్చుకోవాలంటే ఒక్కో అంగుళం ఓపిగ్గా చూడాలి. ఒక్క క్లిక్‌తో మొత్తం శుభ్రం చేసేవాళ్లు ఆ పని చేయడం లేదు.

ఇక సన్న గీతల సంగతి. తడిచేతులు గారూ, అసలు ఎందుకు తగ్గించాలి? బ్లూప్రింట్ కాంటాక్ట్ ప్రింట్. ట్రేసింగ్ ఎంతుంటే కాపీ అంతే వచ్చేది. మీ ఫ్రేమ్‌లో ఎంత పడితే అంత భాగాన్నే అసలు సైజులో వేయండి. రెక్క రిబ్బు ఒక్కటి, లేదా పంపు కోత బొమ్మ ఒక్కటి. గీత 0.3 గానే ఉంటుంది, అక్షరం చదవొస్తుంది, కొట్టేసిన కొలతా కనిపిస్తుంది. ఒక్క గీత కూడా మళ్లీ గీయక్కర్లేదు.

తడిచేతులు

ముక్క వేయడం మంచి ఆలోచనే, నేనూ వేస్తాను. కానీ చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ 5 రాకెట్ ప్రింట్ కోరుకునేవాళ్లు వాల్వు చూడాలనుకోరు, రాకెట్ నిలువెత్తున కనపడాలి. 110 మీటర్ల రాకెట్ ఒక కాగితం మీదికి రావాలంటే ఎవరో ఒకరు ఏం ఉంచాలో ఏం వదలాలో తేల్చుకోక తప్పదు. అప్పటి డ్రాఫ్ట్స్‌మన్ కూడా అదే చేశాడు కదా.

"అసలు సైజు" కూడా అంత నిక్కచ్చి కాదు. నీళ్లలో కడిగి ఆరబెట్టిన కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. స్కేలు పెట్టి కొలవొద్దు, రాసిన అంకెనే నమ్మండి అని డ్రాయింగుల మీదే రాసేవాళ్లు. మీరు అంత విలువిచ్చే పాత నీలి ప్రతి కూడా అసలుకు కాస్త దూరం జరిగినదే.

నేనొకటి ఒప్పుకోగలను. కొత్తగా గీస్తే ఆ మాట ప్రింట్ మీద ఉండాలి.

నీలిగీత

ఎక్కడ ఉండాలన్నదీ ముఖ్యమే. వెనక పెన్సిల్‌తో రాస్తే ఫ్రేమ్ కట్టాక ఎవరికీ కనపడదు. ఫిల్మ్‌లోనే, టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ పేరు, తేదీ, సంతకాలు ఉండే మూల గడి) పక్కన, మిగతా గీతలతోపాటు ముద్ర పడాలి. గీతలు మీవైతే పాత డ్రాఫ్ట్స్‌మన్ సంతకం ఉంచకూడదు. ఆయన గీయని గీతకు ఆయన్ను బాధ్యుణ్ని చేయడం అన్యాయం.

సాటర్న్ విషయంలో ఇంకా తేడా ఉంది. ఆ కాలానికి చాలా ఆఫీసుల్లో నీలి కాపీలు పోయి డయాజో అనే మరో కాపీ పద్ధతి వచ్చేసింది, తెల్ల కాగితం మీద ముదురు గీతలు. నీలంలో వేయండి, అది మీ ఇష్టం. అప్పుడు ఇలాగే ఉండేదని మాత్రం చెప్పొద్దు.

పాతకాగితం

సరే, మరి 1903 ఫ్లయర్ ప్రింట్ మీద ఏ సంవత్సరం వేస్తారు? విమానం 1903ది, కొలిచి గీసింది తర్వాత, నీలంలో వేసింది ఇప్పుడు.

నీలిగీత

మూడూ వేస్తాను. టైటిల్ బ్లాక్‌లో చోటుంది.