ఇంజను ‘కాగింది’, ‘తెర్లింది’: రెండూ ఒకటేనా?

గ్రూపుల పెద్దలందరికి నమస్తే. మాది నల్గొండ. జర పొడుగైతది, ఏమనుకోకుండ్రి.

చలికాలంల మా కారు మైలేజీ పడిపోయింది, హీటర్ ఏస్తే గోరువెచ్చటి గాలి గూడ రాదు, టెంపరేచర్ సూది సగం దాక లేస్తలేదు. షెడ్డుకు తీస్కపోయి ‘హీట్ ప్రాబ్లం’ అన్న. ఆయన హీటెక్కువైతుందనుకున్నడు. పొద్దుగాల సల్లటి ఇంజనుకే స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే మిషను) పెట్టి, ఫ్యాన్ మార్చిండు. పైసలు పోయినయి గని బండి గట్లనే ఉంది. ఇంకో మెకానిక్ కాడికి పోతే స్కానర్ ముట్టకముందే అడిగిండు, ‘కాగుతలేదా, తెర్లుతుందా?’ అని.

ఆ మాటకే నాకు మా అమ్మ పొయ్యి యాదికొచ్చింది. పెంక కాగితెనే జొన్నరొట్టె ఏస్తది, ఎసరు తెర్లితెనే బియ్యం పోస్తది. కాగుడంటే పనికి తయారైనట్టు, తెర్లుడంటే నీళ్లు బుడబుడ పొంగి ఆవిరి లేసినట్టు. ఈ రెంటిని ‘హీట్’ అనే ఒక్క మాటల కలిపేసినం, నా పైసలు అక్కడ్నే పోయినయి.

ఆయన స్కానర్ పెట్టుకొని నన్ను నార్కట్‌పల్లి దిక్కు నడపమన్నడు. చాలా బండ్లల్ల కూలెంట్, అంటే ఇంజను సుట్టు తిరిగే నీళ్లు, 90 డిగ్రీల చుట్టుపక్కల నిలవాలె. మాది ఆగితే 84, రోడ్డెక్కితే 68కి దిగుడు. థర్మోస్టాట్ (నీళ్లు కాగేదాక రేడియేటర్ దిక్కు పోకుండ ఆపే వాల్వు) తెరుచుకొనే ఉండిపోయిందట, నీళ్లు కాగకముందే రేడియేటర్ల తిరిగి సల్లబడుతున్నయి. ఇంజను సల్లగున్నంత సేపు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తది, పొగల ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ గూడ 300 డిగ్రీలన్న కాగితెనే సరిగ్గ చెప్తది, అందుకే సల్లటి ఇంజను మీద చూసిన రీడింగులు నమ్మొద్దన్నడు.

మహబూబ్‌నగర్ సభ్యుడు: మా దిక్కు నీళ్లు ‘మసిలినయి’ అంటం, తెర్లుడు గూడ ఉంది. కని ఇంజను మసిలిందంటే మాత్రం రేడియేటర్ మూత ముట్టొద్దని అర్థం, లోపల ప్రెషరుంటది, తీస్తే మొఖం మీదికే కొడ్తది.

ఇంకో సభ్యురాలు: వేడెక్కింది అంటే సరిపోదా అన్నా?

పోస్టు పెట్టినాయన: సరిపోదు చెల్లె. ఒళ్లు వేడెక్కితె జరం అంటం, పెంక వేడెక్కితె రొట్టె ఏస్తం. ఏది మంచిదో ఏది చెడ్డదో ఆ మాటల లేదు. కాగు అన్నప్పుడు చలికి మంట కాగినట్టు హాయి గూడ ఉంటది, తెర్లు అన్నప్పుడు దింపాల్నన్న తొందర ఉంటది.

షెడ్డు నడిపే సభ్యుడు: నిజం. కంప్రెషన్ (సిలిండర్ల ఎంత ఒత్తిడి పుడ్తుందో) చూడాల్నన్నా ఇంజను కాగాలె, సల్లగ చూస్తే లెక్క తేడా వస్తది. నేను మా పోరలకు గిదే చెప్త, ‘బండిని ముందు కాగబెట్టు, తర్వాత చెయ్యి పెట్టు’ అని. వార్మప్‌కు మాకాడ గదే మాట.

పోస్టు పెట్టినాయన: కాగబెట్టుడు! మా నాయిన గూడ ట్రాక్టర్ను పొద్దుగాల గట్లనే అంటుండె. మీ ఊర్లల్ల గూడ ఇట్ల అంటరా? ఊరి పేరుతోని రాయుండ్రి, నేను రాసి పెట్టుకుంట.