పుస్తకం చెప్పే అర్థమా, మనసుకు తట్టిందా? టారో చూసేవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

ఎర్రనేల (అనంతపురం)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇంట్లోనే టారో, అంటే బొమ్మల కార్డులతో జోస్యం, చూస్తున్నాను. డబ్బులు తీసుకోను. తెలిసినవాళ్ళు, వాళ్ళు చెబితే వచ్చేవాళ్ళు, అంతే. పోయిన వారం జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

గార్లదిన్నె వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. మూడెకరాల దానిమ్మ తోట. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఆమె అడిగింది ఒకటే మాట: "తోట ఉంచుకోవల్నా, కొట్టేయల్నా?"

మూడు కార్డులు తీయించాను. మొదటిది ఎంప్రెస్. నేనింకా నోరు తెరవకముందే ఆమె ఆ రాణి గౌను మీద వేలు పెట్టి "ఇవి దానిమ్మలే గదమ్మా" అంది. నిజంగానే దానిమ్మలే. నాకు ఒళ్ళు జలదరించింది. రెండోది త్రీ ఆఫ్ స్వోర్డ్స్. గుండెలో దిగిన మూడు కత్తులు, వెనక మబ్బు, వాన. మూడోది సెవెన్ ఆఫ్ పెంటకిల్స్. చేనులో పని ఆపి, పార మీద గడ్డం ఆనించి, కాసిన నాణేల వైపు చూస్తూ నిలబడ్డ మనిషి.

రెండో కార్డుకు, కార్డుల అర్థాలు చెప్పే పుస్తకంలో ఉన్నది మనసు విరగడం, ఎడబాటు, దుఃఖం. కానీ నా చూపు వాన మీదే నిలిచిపోయింది. మన జిల్లాలో వాన అంటే ఏడుపు ఎందుకవుతుంది? ఒక్క పదును కోసం ఆకాశం వైపు చూసే ఊళ్ళు మనవి. "వాన కనపడుతోంది పెద్దమ్మా, తోటకు మంచే జరుగుతుంది" అనేశాను. ఆమె సంతోషంగానే వెళ్ళింది.

రాత్రి పడుకున్నాక దిగులు పట్టుకుంది. నేను చెప్పింది నిజంగా మనసుకు తట్టిందా, లేక ఆమె మొహం చూసి జాలిపడి చెప్పానా? పుస్తకం అర్థం దగ్గర ఎక్కడ ఆగాలి, మన లోపలి మాట ఎక్కడ మొదలవ్వాలి? మీరెలా చేస్తారు?

పెన్న ఒడ్డు (కడప)

చెల్లీ, నువ్వు నిద్రపోకుండా ఆలోచిస్తున్నావంటే ఈ పని నీకు ఆట కాదని అర్థం. నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. నా మాట కొంచెం గట్టిగా ఉంటే ఏమనుకోవద్దు.

పుస్తకం అర్థం రాతి మీద చెక్కింది కాదు, అది ముందే ఒప్పుకుంటాను. 15వ శతాబ్దంలో ఇటలీలో టారో అంటే పేకాట. దాన్ని జోస్యానికి వాడడం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. మనలో చాలామంది చేతుల్లో ఉన్న బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. ఏ.ఇ. వెయిట్ అనే రచయిత చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆమె గీసింది. అంతకుముందు ఎక్కువ డెక్కుల్లో, అంటే కార్డుల కట్టల్లో, చిన్న కార్డుల (అంకెల కార్డుల) మీద కథే ఉండదు. పేకముక్కల్లాగా మూడు కత్తులంటే మూడు కత్తులే. వెయిట్ అయితే వరస కూడా మార్చాడు. ఫ్రాన్స్‌ పాత మార్సెయ్ డెక్కులో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. మన డెక్కులో తిరగబడి ఉంటాయి. కాబట్టి అర్థాలు మనుషులు పెట్టినవే, మనుషులు మార్చినవే.

అయినా నువ్వు చూసిన కార్డు సంగతి వేరు. గుండెలో మూడు కత్తులు దిగిన బొమ్మ 15వ శతాబ్దపు సోలా బుస్కా డెక్కులోనే ఉంది. మబ్బు, వాన తర్వాత వచ్చి చేరినవి. అంటే ఆ కార్డుకు వేరు కత్తులు, గుండె. వాన దాని చుట్టూ ఉన్న గాలి లాంటిది. నువ్వు వేరును వదిలేసి గాలిని పట్టుకున్నావు. బొమ్మలో కొత్త మూల కనపడడం మంచిదే. కానీ దానికోసం నడిమధ్య ఉన్నదాన్ని చూడకుండా దాటేస్తే అది లోపలి మాట కాదమ్మా, మొహమాటం.

నా పద్ధతి ఇది. ముందు పుస్తకం అర్థం పైకి చెప్తాను, నాకు నచ్చినా నచ్చకపోయినా. ఆ తర్వాతే "నాకు ఇంకొకటి కూడా తడుతోంది" అని రెండోది చెప్తాను. ఏది ఏదో వినేవాళ్ళకు తెలియాలి.

దానిమ్మ పూత (అనంతపురం)

అక్కా, నాకు టారో కొత్త, ఇంకా 22 మేజర్ (పెద్ద) కార్డులే నేర్చుకుంటున్నా. కానీ దానిమ్మ గురించి మాత్రం చెప్పగలను, మా నాయనది నాలుగెకరాల తోట.

వాన దానిమ్మకు మంచిదని ఎట్లా అనుకున్నావు? వేరుశనగకైతే వాన ప్రాణం. దానిమ్మకు డ్రిప్పుతో కొలిచి నీళ్ళు ఇస్తాము. కాయ మీదున్నప్పుడు వాన పట్టిందంటే మా ఇంట్లో ఎవ్వరూ అన్నం సరిగ్గా తినరు. మచ్చ తెగులు వాన చినుకులతోనే చెట్టు నుంచి చెట్టుకు పాకేది. మొదట ఆకు మీద నూనె చుక్క పడినట్టు చిన్న మచ్చ వస్తుంది. తర్వాత కాయ మీద నల్లగా, ఆ పైన కాయ నడిమికి పగులుతుంది. పగిలిన కాయను చేతిలో పట్టుకుని మా నాయన తోట గట్టు మీద కూర్చుంటే అచ్చం నువ్వు చెప్పిన ఏడు నాణేల కార్డే.

ఆ పెద్దమ్మకు వాన, కత్తులు వేరువేరు కాదక్కా. ఆమె తోటలో రెండూ ఒకటే.

ఎర్రనేల (అనంతపురం)

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా పుట్టింటి చేను వేరుశనగ. నేను చూసిన వాన మా నాన్న వాన. ఆమె వాన కాదు.

తుంగభద్ర గాలి (కర్నూలు)

ఎర్రనేల అక్కా, బాధపడొద్దు. నాకూ ఇలాంటిదే జరిగింది, కాకపోతే తిరగేసి. నేను పుస్తకాన్నే పట్టుకుని తప్పు చేయబోయాను.

నదికి దగ్గర్లో ఇల్లున్న ఒకామె వచ్చింది. ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి వెళ్ళాలా అని ప్రశ్న. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. పడవ, వెనక తెడ్డు వేసే మనిషి, ముందు ముసుగు కప్పుకున్న ఆడమనిషి, పక్కన బిడ్డ. పడవకు ఒక పక్క నీళ్ళు అలలుగా, ఇంకో పక్క నున్నగా ఉంటాయి. పుస్తకం ప్రకారం కష్టం నుంచి ప్రశాంతమైన చోటికి ప్రయాణం. ప్రశ్నకు జవాబు చేతికి అందినట్టే ఉంది. "వెళ్ళిపోండి, అంతా మంచే" అనడానికి నోరు తెరిచాను.

ఆమె చేతులు వణుకుతున్నాయి. కార్డును తాకట్లేదు, దాని పక్కన టేబుల్ మీద గోటితో గీస్తూ ఉంది. నేను ఆగిపోయి, "మీకేం కనపడుతోందమ్మా?" అని మాత్రం అడిగాను. అప్పుడు చెప్పింది. 2009 అక్టోబర్ వరదలో చిన్నపిల్లతో మేడ మీద ఒక రాత్రంతా ఉండి, పొద్దున పడవలో బయటపడిందట. కర్నూలు వాళ్ళకు ఆ రోజుల గురించి నేను చెప్పక్కర్లేదు. ఆమెకు పడవ అంటే ప్రశాంతత కాదు, పోయిన ఇంటి వాసన.

అప్పుడు మళ్ళీ కార్డు చూశాను. ఆ ఆరు కత్తులు పడవలోనే గుచ్చి ఉంటాయి, గమనించారా? ఒడ్డు మారుతుంది కానీ కత్తులు కూడా వెంటే వస్తాయి. అది పుస్తకాల్లో ఉన్న అర్థమే, నేనే ఎప్పుడూ పైపైన చదివి వదిలేశాను. ఆమెతో అదే చెప్పాను: ఇల్లు మారితే భయం పోతుందని ఈ కార్డు మాట ఇవ్వడం లేదమ్మా, వెళ్ళేది భయం వల్లనా, కొడుకు మీద ప్రేమ వల్లనా, అది మీరు తేల్చుకోవాలి అని. ఆమె ఏడ్చింది, తర్వాత నీళ్ళు అడిగి తాగింది. ఇల్లు అమ్మిందో లేదో నేను అడగలేదు.

అప్పటినుంచి కార్డు తిప్పగానే నేను మాట్లాడను. ముందు వాళ్ళ చూపు ఎక్కడ పడుతుందో చూస్తాను.

చిలక గూడు (కడప)

నేను కార్డులు చూడను. కానీ మా పెద్దనాన్న చిలక జోస్యం చెప్పేవాడు, ఏడురోడ్ల దగ్గర చెట్టు కింద. ఈ మాటలు చదువుతుంటే ఆయన గుర్తొచ్చి రాస్తున్నా.

కొయ్య గూటి తలుపు తీస్తే చిలక బయటికి వచ్చి, వరసగా పేర్చిన కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగి పడేసేది. ఒక వడ్లగింజ తీసుకుని మళ్ళీ లోపలికి పోయేది. కార్డు మీద దేవుడి బొమ్మ. రాముడు వస్తే వనవాసం కథ, హరిశ్చంద్రుడు వస్తే కాటి కథ. పెద్దనాన్న ఆ కథను ఒక్క ముక్క మార్చేవాడు కాదు. నాకు పదేళ్ళప్పుడు అడిగాను, "ఆ పాపం ముసలామెకు హరిశ్చంద్రుడు ఎందుకు చెప్పినావు, రాముల పట్టాభిషేకం చెప్పొచ్చు గదా?" అని. ఆయన అన్నది ఇప్పటికీ గుర్తుంది: "కథ నాది గాదురా, చిలక తీసింది. ఎంతసేపు చెప్పాల, ఎక్కడ ఆపాల, అదే నాది."

ఆమెకు కాటి దగ్గర ఆపలేదు. హరిశ్చంద్రుడికి రాజ్యం తిరిగి వచ్చేదాకా చెప్పాడు. అదే కథ తాగి వచ్చిన ఒక కుర్రోడికి వచ్చినప్పుడు భార్యాబిడ్డల్ని అమ్ముకున్న చోట ఆపి, వాడి మొహంలోకి చూస్తూ ఊరకే కూర్చున్నాడు.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన చిలకల్ని పట్టి గూట్లో పెట్టడం నేరం. అది తెలిశాక పెద్దనాన్న చిలకను వదిలేసి, ఆ పని మానేశాడు. చిలకకు అదే మేలు. ఆ నేర్పు మాత్రం ఆయనతోనే పోయింది, దానికి బాధగా ఉంటుంది.

పెన్న ఒడ్డు (కడప)

చిలక గూడు తమ్ముడూ, నేను పదకొండేళ్ళలో నేర్చుకుంది మీ పెద్దనాన్న ఒక్క ముక్కలో చెప్పాడు. ఆ మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

నోట్‌బుక్ అంటే గుర్తొచ్చింది, చెల్లికి పనికొస్తుంది. ప్రతి రీడింగ్‌కీ పేజీ మధ్యలో గీత గీస్తాను. ఎడమ పక్క నీలం సిరాతో పుస్తకం అర్థం. కుడి పక్క ఎర్ర సిరాతో నాకు తట్టింది, తట్టింది తట్టినట్టే, దిద్దకుండా. మూడు నెలల తర్వాత ఆ మనిషి కలిస్తే ఏం జరిగిందో కింద రాస్తాను. ఇలా రాస్తూ పోతే నా గురించి నాకే ఒక సంగతి తెలిసింది. పెళ్ళిళ్ళ విషయంలో నా ఎర్ర సిరా ఎప్పుడూ తప్పే. నాది చాలా కష్టపడ్డ కాపురం. ఏ అమ్మాయి వచ్చినా నాకు హెచ్చరికలే తట్టేవి. అది కార్డు మాట కాదు, నా గాయం మాట. ఇప్పుడు పెళ్ళి ప్రశ్న వస్తే నీలం సిరాకే కట్టుబడతాను.

ఇంకొకటి. నిజంగా తట్టేది ఒక్కసారి వచ్చి పోతుంది, నెమ్మదిగా ఉంటుంది. భయం అయితే గుండె దడతో, మళ్ళీ మళ్ళీ వస్తుంది. టెన్షన్‌గా ఉన్న రోజు నేను డెక్కు ముట్టుకోను. ఇంట్లోవాళ్ళకు అసలు చూడను. వాళ్ళ గురించి తెలిసిందంతా లోపలి మాటలాగా వేషం కట్టుకుని వస్తుంది.

దానిమ్మ పూత (అనంతపురం)

పెద్దక్కా, మరి మూన్ కార్డు? కుక్క, తోడేలు చంద్రుడి వైపు మోరెత్తి ఉంటాయి. కుక్క ఏడిస్తే మా అవ్వ అర్ధరాత్రైనా లేచి తరిమేది, చావు కబురు వస్తుందని. ఆ కార్డు వస్తే నాకు చదవడానికి నోరు రాదు. ఇది తట్టడమా, భయమా?

పెన్న ఒడ్డు (కడప)

భయమే, బంగారూ. అవ్వ దగ్గర నేర్చుకున్న భయం. అందుకే ఆ కార్డుకు నీలం సిరా ఉండాలి: మసక వెలుతురు, సరిగ్గా కనపడని దారి, ఉన్నది ఒకటైతే తోచేది ఇంకొకటి. చావు మాట ఏ కార్డుకూ నోటితో అనొద్దు, 13వ నంబరు డెత్ కార్డుకు కూడా. ఆ బొమ్మలో వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడు ఉంటాడు, చూడు. జబ్బు గురించి అడిగితే డాక్టర్ దగ్గరికి పంపు, అక్కడ నీలమూ వద్దు, ఎరుపూ వద్దు.

తుంగభద్ర గాలి (కర్నూలు)

దానికి తోడు ఇంకొకటి చేరుస్తాను. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాల కోసం వెళ్ళేవాళ్ళు ఏ చేనులో వెతకాలో కార్డు అడిగి చెప్పమంటారు. కూలి మానుకుని, అప్పు చేసి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. అలాంటివాళ్ళకు డబ్బు కలిసొస్తుందనే ఏస్ ఆఫ్ పెంటకిల్స్ కార్డు వచ్చినా, నాకు ఏ దిక్కు తట్టినా చెప్పను. నా మాట తప్పైతే పోయేది వాళ్ళ కూలి.

ఎర్రనేల (అనంతపురం)

నిన్న ఆదివారం బస్సెక్కి ఆ పెద్దమ్మ ఊరికి వెళ్ళాను. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది.

తోటలోనే ఉంది. కింద రాలిన కాయల్ని గంపలోకి ఏరుతోంది. మూడు కార్డులూ వెంట తీసుకెళ్ళాను. గట్టు మీద పరిచి, "పెద్దమ్మా, ఆ రోజు నేను మధ్య కార్డు సగమే చెప్పాను. వాన చూశాను, కత్తులు చెప్పలేదు. తప్పైంది" అన్నాను.

ఆమె నవ్వింది. "కత్తులు నాకు కనపడినాయిలేమ్మా. నువ్వు వాన గురించి అంత ఇష్టంగా చెప్తాంటే ఎందుకులే అని ఊరకున్నా" అంది.

అప్పుడు మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎంప్రెస్ పుస్తకం ప్రకారమే చెప్పాను: పండించే తల్లి, పెంచే చెయ్యి. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ దగ్గర పుస్తకం మాట చెప్పి, మూడు కత్తులేమిటో ఆమెనే చెప్పమన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మచ్చ తెగులు ఒకటి. అప్పు రెండు. మూడోదానికి చాలాసేపు ఆగింది. కొడుకు రెండు దసరాలుగా రాలేదంట. తోట కొట్టేస్తే వాడు తిరిగి రావడానికి ఇక్కడ ఏముంటుంది అన్నది ఆమె అసలు ప్రశ్న. దానిమ్మ గురించి అడిగిందని నేననుకున్నాను. ఎడబాటు అని పుస్తకంలో మొదటే రాసి ఉంది.

ఏడు నాణేల కార్డు దగ్గర నేనేం చెప్పలేదు. ఆమే చూసుకుని, "వీడు కొట్టేయలేదు, ఉంచుకోలేదు, నిలబడి చూస్తాన్నాడు" అంది. కొడుక్కి ఫోన్ చేసి, తోట సంగతి కాదు, ముందు రమ్మని అడుగుతానంది.

వచ్చేటప్పుడు సంచి నిండా కాయలు పెట్టింది. "మచ్చ ఉండేవేనమ్మా, మార్కెట్‌కి పోవు, లోపల బాగుంటాయి" అంది. ఇప్పుడు ఒకటి వలుస్తూ ఇది రాస్తున్నాను. తోలు మీద నల్లమచ్చ, పక్కన చిన్న పగులు. గింజలు ఎర్రగా ఉన్నాయి, చాలా తియ్యగా ఉన్నాయి.

పెన్న ఒడ్డు అక్కా, రెండు రంగుల పెన్నులు కొన్నాను. మొదటి పేజీ ఈ పెద్దమ్మదే.