అప్‌డేట్: పది వేలు నిండకుండానే సర్వీసుకు ఇచ్చేశాను

ఏడాదిన్నరలో కారు ఆరు వేల కిలోమీటర్లే తిరిగింది, పది వేలు నిండాక సర్వీసు చేయిస్తే చాలదా అని నెల క్రితం అడిగాను కదా. పది వేలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అదే లెక్క అన్నారు మీరంతా. మాన్యువల్‌లోనూ అదే ఉంది. కొన్ననాటి నుంచి దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు నేను.

సిరిమానోత్సవం రద్దీ తగ్గాక విజయనగరంలోనే ఇచ్చాను. ఇంజిన్ ఆయిల్ కాటుకలా ఉంది. ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పితే కొబ్బరి పీచు, వేరుశనగ తొక్కలు రాలాయి. ఎలుక కాపురం! మెకానిక్‌గారు నవ్వు ఆపుకోలేకపోయారు. బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చాలని చెప్పారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా దాటిపోయింది. అదీ తీసుకున్నాను. ఆదివారం అరసవల్లి వెళ్తున్నాం.