"దట్టించు" అన్న మాట హ్యాండ్‌లోడ్‌కి సరిపోద్దా?

రాయగడ తమ్ముడు నిన్న గ్రూపులో అడిగేడు కదా, అమెరికాలో వేటగాళ్ళు తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుని, గట్టిగా తన్నే రైఫిల్‌కి గురి ఎలా కుదుర్చుకుంటారో ఒక వ్యాసం రాస్తన్నాడంట, హ్యాండ్‌లోడ్ అన్నదానికి "చేతి దట్టింపు" అని పెట్టొచ్చా అని. చాలామంది బాగుందన్నారు గాని నాకు మాత్రం మనసొప్పలేదు.

దట్టించడం మంచి తెలుగు మాటే, కాదనను. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి ఇనప చువ్వతో పొడిచి, గుండేసి మళ్ళీ పొడిచే నాటు తుపాకీకి ఆ మాట అతికినట్టుంటాది, మా పర్లాకిమిడి వైపు పాత తుపాకీల సంగతొస్తే పెద్దోళ్ళు అలాగే అంటారు. కాని ఇప్పుడు ఆ మాట ఎక్కడ వింటన్నాం? గుత్తొంకాయలో కారం దట్టించేరు, సినిమాలో మసాలా దట్టించేరు. అంటే కుక్కి కుక్కి నింపడం. హ్యాండ్‌లోడ్ పని దానికి పూర్తిగా ఎదురు.

పేలిపోయిన తూటా ఇత్తడి డొప్పని మళ్ళీ కొలతకి తెచ్చి, అడుగున మందుని అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చోబెడతారు. అసలు సంగతంతా ఆ తూచడంలోనే ఉంది. గ్రెయిన్‌లో పదో వంతు తేడా కూడా చూస్తారు, గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములే. మన లెక్కలో చెప్పాలంటే పాత తులానికి 180 గ్రెయిన్లు, 96 రత్తులు, రత్తి అంటే ఒక గురివింద గింజ ఎత్తు, అది రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. కంసాలి తక్కెడని అద్దాల పెట్టెలో పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, రవ్వ తర్వాత రవ్వ వేస్తాడు చూడండి, ఇదీ అలాటి పనే. దీన్ని దట్టించడం అంటే చదివినోడు మందెక్కువ కూరితే గురి బాగుంటాది అనుకుంటాడు, అది ప్రాణం మీదకొచ్చే పొరపాటు, ఒత్తిడి మితిమీరితే రైఫిలే చీలిపోద్ది. పైగా గుళ్ళు ఒకచోట పడడానికి ఎక్కువ మందే కావాలని లేదు, చాలా రైఫిళ్ళకి కాస్త తగ్గించిన మోతాదే నప్పుతాది.

జయపురం మాస్టారూ, మీరు "కూరు" అన్నారు, చిచ్చుబుడ్డి కూరేవాళ్ళు కూడా కొలిచే కూరతారని. నిజమే, దట్టించు కన్నా నయం. కాని దానిలోనూ సందు లేకుండా నింపడమే వినిపిస్తాది, ఈ డొప్పల్లో చాలాసార్లు మందు పైన ఖాళీ మిగుల్తాది. నేనైతే "చేత్తో కట్టిన తూటా" అంటాను.

ఇంక రికాయిల్, అంటే పేలగానే తుపాకీ వెనక్కి కొట్టడం. ఇక్కడెవరో "ప్రతిఘాతం" అన్నారు, వద్దండీ. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన పర్లాకిమిడిలో ఉండి నోట్లో మాట వదిలేసి నిఘంటువు వెతుక్కోవడమేటి, "తన్ను" ఉంది కదా. 1912లో వచ్చిన పాయింట్ 375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ అన్న తూటా ఉంది, ఆఫ్రికాలో పెద్ద జంతువుల వేటకి పేరున్నది, దానిలో మామూలుగా వాడే గుండు 300 గ్రెయిన్లు, అంటే తులం మీద ఇంకో మూడింట రెండొంతులు. అంత బరువు అంత జోరుగా ముందుకి దూసుకుపోతే రైఫిల్ భుజాన్ని తన్నకేం చేస్తాది? ఆ తన్నుకి మ్యాగజైన్‌లో, అంటే రైఫిల్ తూటాల పెట్టెలో, మిగిలిన తూటాల ముక్కులు ముందు గోడకి గుద్దుకుని గుండు డొప్పలోకి దిగిపోయే ప్రమాదం ఉంది, అందుకే గుండు గాడి దగ్గర డొప్ప మూతిని నొక్కి బిగిస్తారు. తమ్ముడూ, క్రింప్ అన్నదానికి "మూతి నొక్కడం" చాలు.

ఫ్లించ్ అన్నదే నాకు ముఖ్యం, ఎందుకంటే గురి చెడేది సగం అక్కడే. దానికి "బెదురు" అని రాయి. తన్నుద్దని ముందే తెలిసి, మీట నొక్కకముందే భుజం బెదురుతాది. ఎలా పట్టుకుంటారంటే, కాల్చేవాడికి తెలీకుండా మందులేని డమ్మీ తూటా ఒకటి కలిపి ఇస్తారు, అది పేలదు, కాని మీట నొక్కగానే గొట్టం మూతి కిందకి దిగిపోద్ది, తుపాకీ తప్పు కాదు మనిషి బెదురు అని అందరికీ కనిపించీస్తాది. మందు తగ్గించి కట్టుకుంటే తన్ను తగ్గుతాది, బెదురు పోతాది, తర్వాత మెల్లగా పెంచుకుంటారు. అంత మెత్తటి తూటా కొట్లో దొరకడం కష్టం, చేత్తో కట్టుకోడానికి అదొక పెద్ద కారణం. తగ్గించడం కూడా ఇష్టమొచ్చినట్టు కాదు, ఆ మందు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దులోనే.

ఇంకోటి, యాక్యురసీ అని ఉన్న ప్రతిచోటా గురి అని రాసీకు. గురి మనిషిది. అయిదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయంటే అది రైఫిల్, తూటా ఒకదానికొకటి కుదరడం, ఆ చోటు నడిబొట్టుకి జానెడు పక్కన ఉన్నా సరే, రైఫిల్ మీద గురి చూసే సైటు తిప్పుకుంటే సరిపోద్ది. అక్కడ "గుళ్ళు ఒకచోట పడడం" అని విడమర్చి రాయి, పొడుగైనా పర్లేదు.

వ్యాసం పైన ఒక ముక్క తప్పకుండా పెట్టు తమ్ముడూ, మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. డొప్పకి గుణుపురం వైపు వేరే మాటేదైనా ఉంటే అక్కడివాళ్ళు చెప్పండి, నాకు అదొక్కటే ఇంకా కుదరలేదు.