పదుగురాడు మాట ‘పాడియై’ చెల్లుతుందా, ‘పాటియై’ చెల్లుతుందా?

సీతమ్మధార నుంచి: రెండు రోజులుగా ఒక వేమన పద్యపాదం నన్ను వదలట్లేదు. మా అబ్బాయి బిట్‌కాయిన్ నోడ్ నడుపుతాడు, అంటే ఆ డిజిటల్ నాణేల లావాదేవీలు నియమం ప్రకారమే ఉన్నాయా అని సరిచూసే కంప్యూటరు. పుస్తకాల అలమరలో అరచేతంత పెట్టె, దాని పచ్చదీపం రాత్రంతా మినుకుతూనే ఉంటుంది. దీని నియమాలు మార్చాలంటే ఎవరి మాట చెల్లుతుందిరా అని అడిగి, నేనే ‘పదుగురాడు మాట పాడియై ధర జెల్లు’ అందుకున్నాను. ‘పాటియై’ అని వాడు దిద్దాడు. ఏది సరి?

భీమిలి నుంచి: ఛందస్సు తేల్చదమ్మా. రెండూ రగణమే, యతి పకారం మీదే. అర్థమే దిక్కు. పాడి అంటే న్యాయం. పదిమంది అన్నంతలో అది న్యాయమైపోతుందని వేమన అనడు. పాటి అంటే ప్రమాణం, విలువ. పైగా ‘చెల్లు’ నాణేనికి వాడే మాట. నా ఓటు ‘టి’కే.

గాజువాక నుంచి: అక్కడే నా అభ్యంతరం మాస్టారూ. న్యాయం కానిది న్యాయంగా చెల్లిపోతోందన్నదే వేమన వాత. ‘టి’ పెడితే ఆ వాత చల్లారిపోతుంది. 2016లో ఎథీరియం అనే మరో డిజిటల్ నాణేల వ్యవస్థలో, డీఏఓ అనే ఉమ్మడి నిధి నుంచి దాని నాణేలు 36 లక్షల ఈథర్ తరలిపోతే, ఎక్కువమంది సరేనన్నారని జులై 20న ఎథీరియం నియమాన్నే మార్చి సొమ్ము వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివాళ్ళు పాత గొలుసు, అంటే పాత లావాదేవీల చిట్టా మీదే ఉండిపోయారు, అదే ఎథీరియం క్లాసిక్. పదుగురి మాట చెల్లింది. పాడి ఎటుందన్నది ఈనాటికీ వాదనే.

మధురవాడ నుంచి: అందరూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయారు. మూడోది చదవండి: ‘ఊరకుండువాని కూరెల్ల నోపదు’. ఊరకున్నవాణ్ణి ఊరంతా కలిసినా ఏమీ చేయలేదని. 2017 మేలో యాభైకి పైగా కంపెనీలు, బిట్‌కాయిన్ బ్లాకులు తయారుచేసే మైనింగ్ శక్తిలో 80 శాతానికి పైగా చేతిలో ఉన్నవాళ్ళతో కలిసి, బ్లాక్ (లావాదేవీల కట్ట) పరిమాణం పెంచుదామని న్యూయార్క్‌లో ఒప్పందం చేసుకున్నారు. నోడ్లు నడిపేవాళ్ళలో చాలామంది ఆ మార్పు ఉన్న సాఫ్ట్‌వేర్ వేసుకోలేదు. నవంబర్ 8న ఆ పని విరమించుకున్నారు. మైనర్ ఎంత కరెంటు కాల్చి తెచ్చినా, నియమం తప్పిన బ్లాకుని నా నోడ్ తీసుకోదు.

గాజువాక నుంచి: ఊరకున్నారా? అదే ఏడాది ఆగస్టు 1 గడువు పెట్టి, సెగ్‌విట్ అనే నియమ మార్పుకి సరేనని తెలపని మైనర్ల బ్లాకులు తీసుకోబోమని కొందరు నోడ్లవాళ్ళే ప్రకటించారు. ‘ఊరక’ అంటే నోరు మూసుకోవడం కాదు, కదలకపోవడం.

భీమిలి నుంచి: నోడ్లే లెక్కయితే ఒక్కడే వెయ్యి పెట్టెలు పెట్టుకోవచ్చుగా?

మధురవాడ నుంచి: పెట్టెల సంఖ్య కాదండీ. సరుకిచ్చేవాడు ఏ గొలుసు మీది నాణేన్ని డబ్బుగా పుచ్చుకుంటాడో, అదీ లెక్క.

శ్రీకాకుళం నుంచి: భాషకీ అంతే కదా! గిడుగు రామమూర్తి గారు ఎంత వాదించినా, వాడుక భాషను నిలబెట్టింది అందులో రాసుకున్న జనమే. గ్రాంథికమే రాస్తామన్నవాళ్ళని ఎవరూ ఆపలేదు, వాళ్ళ గొలుసు వాళ్ళకుంది. ఆయన్ని తలచుకుంటే నాకు ఇంకేమీ తోచదు. సవరల మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన మనిషి.

సీతమ్మధార నుంచి: మా నాన్నగారి నోటుపుస్తకం తీశాను. సిరాతో ‘పాడియై’ అనే ఉంది. ‘డి’ కింద పెన్సిలుతో సన్నగా ‘టి?’ అని రాసి ఉంది.

భీమిలి నుంచి: ఆ పెన్సిలు రాత కూడా నాన్నగారిదేనా అమ్మా?