మైనస్ పవర్ కళ్లలో రక్తనాళాలు నిజంగానే సన్నగా ఉంటాయా?

మైనస్‌_ఎనిమిది (వేళచ్చేరి): ఆఫీసు ఆరోగ్య శిబిరంలో నా రెటీనా (కంటి వెనుక తెర) ఫోటో తీసి, ధమనులు సన్నబడ్డాయని, రక్తపోటు చూపించుకోమని రాసిచ్చారు. నెల రోజులు రెండు పూటలా కొలిపించుకున్నా ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. నా రెండు కళ్లకూ 8 మైనస్ ఉంది. సైటున్న కంట్లో నాళాలు నిజంగా సన్నగా ఉంటాయా, లేక అది ఫోటో చేసే మాయా?

దృష్టి_పరీక్షకుడు (అడయారు): చాలావరకు ఫోటో మాయేనండి. పెద్దవారి కన్ను ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది; మైనస్ ఎక్కువైన కన్ను ఇంకా పొడవు కనుక మీది 26 దాటి ఉండవచ్చు. అసలు వెడల్పు ఒకటే అయినా, పొడవైన కంటిలోని నాళం ఫోటోలో చిన్నదిగా, ప్లస్ పవరున్న పొట్టి కంటిలోనిది పెద్దదిగా పడుతుంది. ఫోటో కొలతను అసలు కొలతగా మార్చే సూత్రాన్ని లిట్‌మన్ అనే పరిశోధకుడు 1982లోనే ఇచ్చారు.

తాంబరం_వాసి: మాయ అని కొట్టిపారేయకండి. కన్ను సాగినప్పుడు రెటీనా కూడా సాగి పలచబడుతుంది, నాళాలు వంపులు పోగొట్టుకుని నిటారుగా లాగినట్టవుతాయి, పైనా కిందా ఉండే పెద్ద నాళాలు రెటీనా నడుమ ఉండే మాక్యులా వైపుకు దగ్గరవుతాయి. ప్లస్ కళ్లలోనేమో అవి మెలికలు తిరిగి ఉండటం కద్దు. ఈ మెలికలను కెమెరా పుట్టించిందా?

దృష్టి_పరీక్షకుడు: నేను వెడల్పు గురించి చెబితే మీరు దారి గురించి చెబుతున్నారు. ధమని, సిరల వెడల్పులు మామూలుగా 2:3 పాళ్లలో ఉంటాయి. కెమెరా చిన్నది చేస్తే రెండూ ఒకే పాళ్లలో చిన్నవవుతాయి. రక్తపోటు మాత్రం ధమనినే ఎక్కువగా నొక్కుతుంది. శిబిరంవారు ఆ నిష్పత్తి చూశారా?

పెరంబూరు_శారద: లేసిక్‌తో నా సైటు పోయింది కనుక నా నాళాలూ మామూలైనట్టేనా?

దృష్టి_పరీక్షకుడు: లేదమ్మా. మారింది కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వంపే. కంటి పొడవు అలాగే ఉంది.

తాంబరం_వాసి: మీ లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి. 11 మైనస్ ఉన్న మా తమ్ముడు కంట్లో మెరుపులు కనబడుతున్నాయని వెళితే, సైటున్న కన్ను ఇలాగే ఉంటుందని ఒకచోట తిప్పి పంపారు. పది రోజుల్లో రెటీనా ఊడింది. "సైటు వల్లే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

దృష్టి_పరీక్షకుడు: మెరుపులు కనబడిన మనిషిని అలా పంపడం ఘోరమైన తప్పు. అయినా దానికి బదులుగా, రక్తపోటు లేనివారిని నెలల తరబడి భయపెట్టడం ఏం న్యాయం?

తాంబరం_వాసి: నేను భయపెట్టమనలేదు. చుక్కలు వేసి, కనుపాప విప్పార్చి, రెటీనా అంచుల దాకా చూడమన్నాను. ఆ ఫోటో నడిమి భాగాన్నే చూపుతుంది.

దృష్టి_పరీక్షకుడు: ఆ మాట మొదటే అని ఉంటే కాదనేవాడిని కాదు. నిష్పత్తి విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

మైనస్‌_ఎనిమిది: శిబిరం కాగితం మళ్లీ తీసి చూశాను, అందులో కంటి పవర్ రాసే గడే లేదు. గురువారం చుక్కలు వేయించుకోవడానికి వెళుతున్నాను. చూపు మసకగా ఉంటుంది, బండి తోలవద్దన్నారు కనుక రైల్లోనే వెళతాను.